చిల్లు నాణేల హెప్సీ

జర్మనీలో, బ్యోబ్లింగెన్‌లో ఒక తెలుగు నర్సు ఉందట. పొద్దున్నే కొవ్వొత్తి వెలిగించి చైనా నాణేలతో చేతబడి చేస్తుందట. ఆ నాణేలు చెప్పాయని ఎవరో చైనా అబ్బాయిని పెళ్ళి చేసుకోబోతోందట. ఆమె ఎవరిని మనసులో తలుచుకుంటే వాళ్ళ ఉద్యోగం ఊడుతుందట. ఈ మాట మా వీధిలో పుట్టి, ఎస్-బాన్ రైలెక్కి స్టుట్‌గార్ట్ వెళ్ళి, అక్కణ్ణుంచి హైడెల్‌బర్గ్‌లో చదువుకునే పిల్లల దాకా పాకి, తిరిగి నా ఫోనుకే వచ్చింది. కింద "ఆంటీ, మీ ఊరేగా? జాగ్రత్తగా ఉండండి" అని ఒక సలహా కూడా. ఆమెకి పేరు కూడా పెట్టేశారు, చిల్లు నాణేల హెప్సీ అని.

అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతే. కానీ ఈ సంగతిలో ఎవరు ఏం చూశారో, ఎవరు ఏమీ చూడకుండానే చూశామన్నారో గుమ్మం గుమ్మం ఎక్కి అడిగి తెలుసుకున్నాను. ఆ చైనా అబ్బాయి సంగతి ముందే తేల్చేస్తాను. హెప్సీ నర్సుగా వెళ్ళే ఒక ఇంటి పై అంతస్తులో ఒక విద్యార్థి ఉన్నాడు. ఒకసారి ఆమె సైకిల్ చైన్ పడిపోతే ఎక్కించి పెట్టాడు. అతనిది వియత్నాం. పెళ్ళి సంగతి అంతే.

ఇక మనిషి గురించి చెబుతాను. హెప్సీది ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డున ఒక పల్లె. తండ్రి వలలు బాగుచేసేవాడు, ఆదివారం గుళ్ళో గంట కొట్టేవాడు. తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగేది. కాకినాడలో నర్సింగ్ చదివి, అక్కడే ఒక ఆసుపత్రిలో కొన్నాళ్ళు చేసి, జర్మనీలో నర్సులు కావాలంటున్నారని తెలిసి భాష నేర్చుకుని వచ్చింది. మొదట్లో వార్డులో చేసేది. ఇప్పుడు ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకునే సంస్థలో చేస్తోంది. ఇక్కడ దాన్ని ఫ్లేగెడీన్‌స్ట్ అంటారు. స్నానం చేయించాలి, మాత్రలు వేయాలి, పుండుకి కట్టు కట్టాలి, వాచిన కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడగాలి. మంచు పడ్డా, గాలి కొట్టినా ఆ సైకిల్ మీదే వెళ్తుంది. పెళ్ళి కాలేదు. వయసెంత అంటే నవ్వుతుంది. నేను అడిగి తెలుసుకున్నాను గానీ ఇక్కడ రాయను.

ఆమెకి ఈ దేశంలో నా అన్నవాళ్ళు మా ప్రార్థన గుంపే. ఆదివారం సాయంత్రం వరదానంగారి ఇంటి కింద గదిలో కూడుకుంటాం. వరదానంగారు పెద్ద ఐటీ ఆఫీసులో మేనేజరు, మా గుంపుకి పెద్ద. పెద్దవాళ్ళం ముందు గదిలో ప్రార్థన చేసుకుంటుంటే వెనక గదిలో హెప్సీ సండే స్కూలు నడుపుతుంది. ఇక్కడే పుట్టి, తెలుగులో అడిగితే జర్మన్‌లో బదులిచ్చే పిల్లలు ఆమె చేతులు ఊపుతూ నేర్పితే తెలుగు పాటలు నోరారా పాడతారు. నా మనవరాలిని నేను గుడికి రమ్మంటే "నాయ్న్, ఓమా" అంటుంది, రాను మామ్మా అని. హెప్సీ ఆంటీ ఉందంటే బూట్లు తనే వేసుకుంటుంది. ఎక్కడైనా పిల్లలు "టాంటె హెప్సీ" అని మీద పడితే ఆ పిల్ల ముఖం చూడాలి. వారమంతా ముసలి ఒళ్ళు కడిగిన అలసట ఎక్కడికి పోతుందో పోతుంది.

ఆమె చేసే పని ఇంకొకటుంది, వాగ్దాన కార్డులు రాయడం. మా క్రైస్తవుల ఇళ్ళలో ఇది తెలియనివాళ్ళు ఉండరు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. డిసెంబరు ముప్ఫై ఒకటో తారీఖు రాత్రి ప్రార్థన అయ్యాక ఒక పళ్ళెంలో కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అందులో ఏ మాట వస్తే కొత్త ఏడాదికి దేవుడు మనకిచ్చిన వాగ్దానం అది. కొందరు పర్సులో పెట్టుకుంటారు, కొందరు ఫ్రిజ్ మీద అంటిస్తారు. అచ్చువేసినవి దొరుకుతాయి గానీ మా గుంపులో మాత్రం హెప్సీ గుండ్రటి అక్షరాలతో చేత్తో రాస్తుంది, అంచుకి చిన్న పువ్వు వేస్తుంది.

ఇంత చేసిన పిల్ల మీద నింద ఎలా పడిందో ఇప్పుడు చెబుతాను. డిసెంబరు మొదట్లో కెరోలిన్, అంటే మా గుంపులోని కృపాల్ భార్య, క్రిస్మస్ నాటకానికి కుట్టిన దేవదూతల గౌన్లు ఇచ్చేద్దామని పొద్దున్నే, హెప్సీ రోజూ ముందుగా వెళ్ళే ఇంటికి వెళ్ళింది. అక్కడ ఫ్రౌ ఎబర్లే అనే ముసలావిడ ఉంటుంది. కింది అంతస్తు. వంటింటి కిటికీ వీధిలోకే ఉంటుంది. కెరోలిన్ ఆ కిటికీలోంచి చూసి, బెల్లు కూడా కొట్టకుండా, గౌన్ల సంచీ పట్టుకుని వెనక్కి తిరిగి, తిన్నగా మా ఇంటికి వచ్చింది.

"ఆంటీ, నా కళ్ళతో నేను చూశాను. చేతులు రెండూ ఇలా మూసి గలగలలాడించి బల్ల మీద పోసింది. చైనా నాణేలు. మధ్యలో చిల్లు."

"గలగల కిటికీ బయటికి వినిపించిందా?"

"వినపడలేదు గానీ ఊపింది. పోసిన ప్రతిసారీ ఒక గీత గీసింది. ముగ్గూ కాదు, లెక్కా కాదు, అడ్డగీతలు. ఆ ముసలావిడేమో కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది. పక్కన కొవ్వొత్తి కూడా ఉంది ఆంటీ!"

"డిసెంబరులో కొవ్వొత్తి లేని బల్ల ఈ ఊళ్ళో ఎక్కడుందే? మీ ఇంట్లో లేవూ, ఆకుల చక్రంలో నాలుగు?"

"మాది డెకరేషన్."

"మరి ఆవిడది?"

కెరోలిన్ దాన్ని వదిలేసి ఇంకో దారి పట్టింది. "మా ఆయన ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు ఆంటీ. మొన్న హెప్సీ నన్ను పట్టుకుని, 'కృపాల్ అన్నయ్య ఎలా ఉన్నారు?' అని అడిగింది. తనకెందుకు?"

"పలకరించిందే పిల్లా!"

"అప్పుడే ఎందుకు పలకరించాలి?"

"తలుపు కొట్టి, ఏంటే ఇది అని అడగలేకపోయావా?"

"భయమేసింది ఆంటీ."

అడగడానికి భయమేసింది గానీ చెప్పడానికి వెయ్యలేదు. సాయంత్రానికి గుంపులో అందరికీ తెలిసింది. మర్నాటికి కొవ్వొత్తి నల్లదైంది. ఆ మర్నాటికి గీతల్లో కృపాల్ పేరు కనపడింది. కెరోలిన్ కాన్పు నొప్పులతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో డాక్టర్లతో జర్మన్ మాట్లాడింది ఎవరు? హెప్సీ. ఇల్లు మారినప్పుడు ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకబుచ్చుకుని, పక్కన కూర్చుని కాగితాలు నింపింది ఎవరు? హెప్సీ. అదంతా ఆ కిటికీ దగ్గరే ఎగిరిపోయింది.

వరదానంగారు హెప్సీకి ఫోన్ చేశారు. ఆయన చెడ్డమనిషని నేను అనను. మాట కఠినంగా చెప్పడం ఒక బాధ్యత అనుకునే మనిషి. ఆ ఇల్లు మార్చమని సంస్థకి చెప్పాలి, లేకపోతే సండే స్కూలు, నాటకం, కార్డులు మూడూ వదిలిపెట్టాలి, ఏ సంగతో వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పాలి అన్నారట. ఆ మాట తెలిసి నేను వెంటనే హెప్సీ గదికి వెళ్ళాను. నాటకంలో గొర్రెపిల్లలకి దూదితో చెవులు అంటిస్తోంది.

"వరదానం చెప్పింది నిజమేనా?"

"ఆయ్, చెప్పారండి పిన్నిగారూ."

"మరి నువ్వేమన్నావు?"

"సరేనన్నానండి."

"దేనికి సరే? ఇల్లు వదలడానికా, పిల్లల్ని వదలడానికా?"

"విన్నానని చెప్పడానికండి."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "అసలు ఆ నాణేలేంటే? నాకు చూపించు" అన్నాను. చేతిలో ఉన్న చెవి అంటించింది. తర్వాత, "ఆవిడ్ని అడిగి చెబుతానండి. ఒప్పుకుంటే మధ్యాహ్నం పూట రండి. పొద్దున మాత్రం వద్దు. పొద్దున ఆవిడ వేరేగా ఉంటారు" అంది. ముసలితనంలో అందరూ పొద్దున చిరాగ్గానే ఉంటారు కదా, అలాంటిదేదో అనుకున్నాను.

ఫ్రౌ ఎబర్లే ఒప్పుకుంది. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. తొంభైకి దగ్గర పడిన మనిషి. జుట్టు తెల్లగా, చక్కగా దువ్వి ఉంది. చూపులో మధ్యభాగం పోయింది, అంచులు మాత్రం కాస్త తెలుస్తాయట. కూర్చోగానే వంగి నా పాదం పట్టుకుంది. నేను అదిరిపడ్డాను. చేత్తో తడిమి ఏదో అంటే హెప్సీ పకపకా నవ్వింది.

"మీరు ఒక సైజు చిన్న చెప్పులు వేసుకున్నారంటున్నారండి. మోకాలు నొప్పి అందుకేనట."

భర్తతో కలిసి ఈ ఊళ్ళోనే చెప్పుల దుకాణం నడిపిందట. నాణేలు ఒక తోలు సంచీలో ఉన్నాయి. మూడు. ఇత్తడి రంగు, మధ్యలో చదరపు చిల్లు. పక్కనే అట్ట ఊడి రబ్బరు బ్యాండు వేసిన జర్మన్ పుస్తకం. చైనా వాళ్ళు వేల ఏళ్ళ కిందట రాసుకున్న మాటలట. ఈవిడ వయసులో ఉన్నప్పుడు ఆ పుస్తకం చేతిలో లేని కుర్రకారు లేరట. వాళ్ళంతా మానేశారు, ఈవిడ మానలేదు.

మూడు నాణేలూ కలిపి ఆరుసార్లు వేయాలి. బొమ్మ ఎన్ని, బొరుసు ఎన్ని అన్నదాన్ని బట్టి ఒక గీత. అది నిండు గీతైనా అవుతుంది, మధ్యలో తెగిన గీతైనా అవుతుంది. కింది నుంచి పైకి ఆరు గీతలు గీస్తే ఒక బొమ్మ. ఆ బొమ్మకి పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. కొండ, నీళ్ళు, ఉరుము, గాలి, ఇలాంటివాటి మీద మాటలు. వాటిని మన ప్రశ్న పక్కన పెట్టుకుని ఆలోచించాలి.

"రేపేం జరుగుతుందో చెబుతుందా?" అని అడిగించాను.

"చెప్పదటండి. మనం ఇవాళ ఎక్కడ నిలబడ్డామో చెబుతుందట. తొందరపడే మనిషిని ఒక కాఫీ తాగేంతసేపు కూర్చోబెడుతుంది, అదే దాని గొప్ప అంటున్నారు."

వ్యాపారం బాగున్న రోజుల్లో పక్క ఊరు సిండెల్‌ఫింగెన్‌లో రెండో దుకాణం పెడదామని భర్త పట్టుబట్టాడట. ఈవిడ వద్దంది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసే దాకా వచ్చింది. అప్పుడు నాణేలు వేశారు. కొండ కింద ఆగిన నీళ్ళ బొమ్మ పడింది. దారి తెలియకుండా ఉరకవద్దు, తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకో అన్నట్టు ఉందట ఆ పేజీ. భర్తకి కోపం వచ్చి మళ్ళీ వెయ్యమన్నాడు. ఈవిడ వెయ్యలేదు. ఒకే ప్రశ్న రెండోసారి అడగకూడదు. ఇష్టమైన జవాబు వచ్చేదాకా అడిగేవాడు అసలు అడగనట్టేనట. ఆ ఒక్క నియమం జీవితమంతా తప్పలేదట.

"దుకాణం పెట్టకపోవడం మంచిదైందా మరి?"

నా ప్రశ్న హెప్సీ జర్మన్‌లో అడిగింది. ముసలావిడ భుజాలు ఎగరేసి నవ్వింది. "ఎవరికి తెలుసు? పెట్టలేదుగా అంటున్నారండి."

ఆ మాటతో నాకు ఆవిడంటే గౌరవం కలిగింది. మన ఊళ్ళో సోదె చెప్పేవాళ్ళు ఎవరైనా ఈ మాట అనగా విన్నామా?

ఇంత దూరం వచ్చాక నేను ఊరుకుంటానా? మోకాలికి ఆపరేషన్ ఇక్కడ చేయించుకోవాలా వద్దా అని నేనూ అడిగాను. హెప్సీ వేసింది, గీసింది, పేజీ తీసి చదివింది. కొండ మీద కొండట. కదలకుండా ఉండమని.

"నేనా? కదలకుండానా? ఇంకోసారి వెయ్యమను!"

తెలుగు అర్థం కాకపోయినా ఆవిడకి నా గొంతు అర్థమైంది. వేలు ఊపి "నాయ్న్" అంది. కాఫీ పోయించింది. వెళ్ళేటప్పుడు హెప్సీ చెయ్యి పట్టుకుని "మోర్గెన్?" అంది. రేపా అని. "మోర్గెన్" అంది హెప్సీ. ఆ పట్టుకోవడం చిన్నపిల్ల బడి గేటు దగ్గర తల్లి చెయ్యి పట్టుకున్నట్టు ఉంది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి మెట్ల దగ్గర హమీదున్నీసా కలిసింది. మా పై అంతస్తు, హైదరాబాద్ వాళ్ళు. వాళ్ళబ్బాయి నబీల్, మా కృపాల్ ఒకే ఆఫీసు. నా కడుపులో మాట ఆగదు కాబట్టి అంతా చెప్పాను.

"అరె అక్కా, గిదేనా? మా నబీల్ ఆఫీసుల గివే నాణేలు వేయించిన్రు కదా!"

"ఆఫీసులోనా?"

"హౌ. లీడర్లకు ట్రైనింగ్ అని పెట్టిన్రు. పురాతన చైనా తెలివి, ఇప్పటి మేనేజర్లకట. ఎవలో సూటేసుకున్నోడు వచ్చిండు. అందరు నాణేలు ఎగరేసిన్రు, గీతలు గీసిన్రు. కృపాల్ భీ ఉన్నడు. సర్టిఫికెట్ పట్కొని ఫోటో దిగిండు, ఫోన్ల పెట్టిండు. చూపియ్యాల్నా?"

చూపించింది. కృపాల్ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. ముందు బల్ల మీద మూడు చిల్లు నాణేలు.

"మరి మీలో దీన్ని ఏమంటారు?"

"మేం నాణేలు గీణేలు వెయ్యం అక్కా. పెద్ద పని ముందట ఇస్తిఖారా నమాజు చేస్తం, దారి చూపియ్యి అల్లా అని. మనసుల గుబులుంటే మనిషి ఎవల్నో ఒకల్ని అడగకుండ ఉంటడా? గా పోరిని ఎందుకు సతాయిస్తున్రు?"

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. సూటు వేసుకున్నవాడు అద్దాల గదిలో వేయిస్తే శిక్షణ, నర్సు వంటింట్లో వేస్తే చేతబడి! ఫోటో దిగినవాడికి లైకులు, కిటికీలోంచి కనపడ్డదానికి బహిష్కారం!

ఆదివారం వచ్చింది. గది నిండిపోయింది. మామూలుగా సగం పాటలయ్యాక వచ్చేవాళ్ళు కూడా ఆ రోజు ముందే వచ్చి కూర్చున్నారు. హెప్సీ గోడ పక్కన కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. వెనక గది తలుపు మూసేసి పిల్లలకి ఫోన్లో ఏదో బొమ్మల సినిమా పెట్టారు. ప్రార్థన అయ్యాక వరదానంగారు గొంతు సవరించుకున్నారు.

"వాక్యం వేరు, సోదె వేరు. సోదె అడగకూడదని మనకి స్పష్టంగా ఆజ్ఞ ఉంది. మన పిల్లలకి బోధించేవాళ్ళు అలాంటి చోట ఉండకూడదు. ఇందులో నాకు ఎవరి మీదా కక్ష లేదు."

నేను లేచాను. "వరదానం బాబూ, వాక్యం గొప్పదే, నేను కాదనలేదు. ఆ గోడ మీద ఏముంది?"

అందరూ చూశారు. ఆ గదిలోకి రాగానే కనపడేది అదే. బంగారు రంగు ఫ్రేములో ఒక వాగ్దాన కార్డు. స్థిరమైన నివాసం గురించిన మాట.

"అది మాకు దేవుడిచ్చిన వాగ్దానం ఏసుకుమారమ్మగారూ. మీకూ తెలుసు. ఆ ఏడే ఈ ఇల్లు కొన్నాం."

"బ్యాంకువాడు ఆలోచించుకోమన్నా, మీ ఆవిడ ఇంకో ఏడాది ఆగుదామన్నా, కార్డులో వచ్చేసిందని కొన్నారు. ఔనా?"

"ఔను. అది విశ్వాసం."

"ఆ కార్డు రాసింది ఎవరు?"

ఆయన కార్డు వైపు తిరిగారు. అంచున ఉన్న చిన్న పువ్వు గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

"అది రాసే నాటికే హెప్సీ ఆ ముసలావిడ ఇంటికి వెళ్తోంది. ఆ చెయ్యి మైలపడ్డదైతే కార్డూ మైలపడ్డదే. తీసెయ్యండి. ఇల్లు కూడా అమ్మినవాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వరదానంగారి భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కెరోలిన్ గబుక్కున అంది, "ఆంటీ, రెండూ ఒకటెలా అవుతాయి? కార్డు దేవుడు ఇస్తాడు."

"నిరుడు నీకు దేవుడు శ్రమలు, ఓర్పు అని ఉన్న కార్డు ఇస్తే పళ్ళెంలో పెట్టేసి ఇంకోటి తీశావు. నేను నీ పక్కనే ఉన్నాను. చైనా వాళ్ళ దాంట్లో రెండోసారి అడగనివ్వరు తెలుసా? నేను అడిగి తిట్లు తిన్నాను."

"మీరు కూడా వేశారా!"

"వేశాను. నీలాగా కిటికీలోంచి చూడలేదు, కుర్చీలో కూర్చుని చూశాను. మీ ఆయన కూడా వేశాడు. చెప్పలేదా నీకు? సర్టిఫికెట్ కూడా ఇచ్చారు."

కెరోలిన్ మొగుడి వైపు తిరిగింది. కృపాల్ చెవులు ఎర్రబడ్డాయి.

"అది ఆఫీసు వాళ్ళు పెట్టిందండీ. కంపల్సరీ."

"నవ్వడం కూడా కంపల్సరీయా?" అంది కెరోలిన్. ఆ క్షణంలో ఆ పిల్ల కూడా నాకు నచ్చింది.

వరదానంగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. ఆయన గొంతు తగ్గింది గానీ పట్టు వదల్లేదు. "ఎవరెవరు తప్పు చేశారో తర్వాత చూద్దాం. ఇవాళ్టి సంగతి హెప్సీది. ఆ ఇల్లా, సండే స్కూలా? అదొక్కటే తేలాలి."

నాకు అప్పుడు వచ్చింది అసలు కోపం. ఇన్నాళ్ళుగా అందరూ అందరినీ అడిగారు. నేనూ కెరోలిన్‌ని అడిగాను, హమీదున్నీసాని అడిగాను, ముసలావిడని అడిగాను. హెప్సీ ఆ నాణేలు వేసి ఏం అడిగిందో ఊరంతా చెబుతున్నారు గానీ, ఇంత గదిలో ఒక్క నోరు తెరుచుకుని ఆ పిల్లని అడిగిందా? కెరోలిన్ చూసింది పొద్దున. నన్ను రమ్మన్నది మధ్యాహ్నం. ఆ పొద్దున ఏం జరుగుతుందో నాకూ తెలియదు.

గోడ దాకా వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను. "హెప్సమ్మా, నా వైపు చూడు. పొద్దున పూట ఆ నాణేలు వేసి ఏం అడుగుతారు? ఎవరి గురించి అడుగుతారు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

హెప్సీ ఒకసారి మూసి ఉన్న పిల్లల గది తలుపు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అడిగేది నేను కాదండి పిన్నిగారూ, ఆవిడ. పొద్దున లేవగానే ఆవిడకి నేను గుర్తుండనండి. కళ్ళు కనపడవు, గొంతు పోల్చుకోలేరు. పుస్తకం చదివిపెట్టడానికి ఎవరో వచ్చారనుకుంటారు. ముఖం కడిగి, మాత్ర వేసి కూర్చోబెట్టగానే నాణేలు నా చేతిలో పెట్టి ఒకటే అడుగుతారండి, 'హెప్సీ ఇవాళ వస్తుందా?' అని. మొదట్లో నేనేనండి హెప్సీని అని చెప్పేదాన్ని. నమ్మేవారు కాదు. హెప్సీని ఏం చేశావని ఏడ్చేవారు. నాణేలు చెబితేనే నమ్ముతారు. అందుకని వేస్తానండి. గీతలు గీస్తాను. పేజీలు తిప్పుతాను, ఆ చప్పుడు ఆవిడకి వినపడాలి కదండి. అక్కడ ఏం రాసుందో మాత్రం చదవను. 'వస్తుంది' అని చదువుతాను. కాఫీ సగం అయ్యేసరికి నా చెయ్యి తడిమి, 'వచ్చావా' అంటారు. ఒకే ప్రశ్న రెండోసారి అడగకూడదన్నది ఆవిడ నియమమేనండి, నిన్న అడిగినట్టు గుర్తుండదు అంతే. వరదానం అంకుల్, అది సోదె అయితే చెప్పేది నాణేలు కాదండి, నేను. ఆ అబద్ధానికి రోజూ దేవుణ్ణి క్షమాపణ అడుగుతూనే ఉన్నాను. సండే స్కూలు వదలమంటే వదిలేస్తానండి. ఎందుకో పిల్లలకి మీరే చెప్పండి, నాకు చెప్పడం రాదు. ఆ ఇల్లు మాత్రం మార్పించుకోను. రేపు పొద్దున ఆవిడ మళ్ళీ అడుగుతారు. నేను 'వస్తుంది' అనే చదువుతానండి."